మూడు వేళ్ళ జాగా

నాగావళి పాత వంతెన దిగగానే ఎడం పక్క
నీలం రేకుల షెడ్డు నాది.
ఆటో సీట్లు, జీపు సీట్లు, పెళ్ళిబస్సు సీట్లు,
ఓసారి పళ్ళ డాక్టరు గారి కుర్చీ కూడా కుట్టాను.
ముప్పై ఏళ్ళుగా వచ్చినవాళ్ళంతా అడిగేది ఒక్కటే:
"ఇంకాస్త స్పాంజి దట్టించు బావూ."

తియ్యమన్నవాడు సనపల దాలినాయుడొక్కడే.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం
ఎర్రటి కారొకటి షెడ్డు ముందు ఆగింది.
రెండే సీట్లు. ఎత్తు, పొట్టివాణ్ణి, నా ఛాతీ దాకా కూడా లేదు.
తలుపు తెరుచుకుంది. ముందు ఒక కాలొచ్చింది.
చాలాసేపటికి రెండోది.
తర్వాత చేతులు, ఒక భుజం,
చిట్టచివర తల.
మడత మంచం విప్పుకున్నట్టు
మనిషి లేచి నిలబడేసరికి
నా షెడ్డు చూరు ఆయన చెవికి తగిలింది.

టెక్కలి క్వారీ లారీకి క్లీనరుగా మొదలెట్టి
ఇప్పుడు పదకొండు లారీల ఆసామి.
పదిహేనో ఏట హైవే మీద టైరు మారుస్తుంటే
ఇలాంటి కారొకటి పక్కనుంచి పోయిందట.
"సూసేనో లేదో! సప్పుడు మాత్రం
సెవిలో ఉండిపోనాది, ముప్పయ్యేడేళ్ళు."
భువనేశ్వర్లో ఎవరో అమ్మేస్తుంటే కొనేశాడు,
కూర్చుని చూడకుండానే.

మోకాళ్ళు స్టీరింగుకి చెరోపక్క,
తల కప్పుకి ఆని, మెడ ఒక పక్కకి వాలి,
గోడవతలి మాటలు వింటున్నవాడిలా
అంత దూరం నడుపుకొచ్చాడు.
ఏడురోడ్ల కూడలిలో దీపాలు కనబడక
వెనకవాళ్ళ హారన్నే పచ్చదీపం అనుకున్నాడట.

"దుప్పటున్నంతే కాళ్ళు సాపుకోవాల నాయుడుగారూ," అన్నాను.
"కాళ్ళు ఎప్పుడో పెరిగిపోనాయి,
నువ్వు దుప్పటి సంగతి సూడు."

సీటు ఊడదీశాను. నాలుగు బోల్టులు, రెండు తుప్పు.
పట్టాలు పీకేసి నేలకే బిగిస్తే ఒక వేలు దొరికింది.
స్పాంజిని రొట్టెల కత్తితో పొరలు పొరలుగా కోస్తే
ఇంకో వేలున్నర.
వీపు వెనక్కి వాల్చబోతే ఇంజను గోడ అడ్డం.
"సెప్పులు ఇప్పీండి," అన్నాను. మోకాళ్ళు కాస్త దిగాయి.
కప్పు లోపలి గుడ్డ విప్పితే
దాని వెనక ఖాళీ,
ఎవరికీ పనికిరాకుండా ఇన్నేళ్ళు దాక్కున్న ఖాళీ!
అదొక అరవేలు.
మొత్తం మూడు వేళ్ళు.
నెత్తికీ కప్పుకీ మధ్య నా వేళ్ళు దూర్చి చూపించాను.
ఆయన తల నాకందింది ఆ ఒక్కసారే.

కళింగపట్నం దాకా తోలి చూద్దామన్నాడు.
పక్కసీట్లో నా జాగాలో
ఇంకో మనిషి పట్టేంత చోటుంది. సిగ్గేసింది.
గార దాటేదాకా ఆయన మాట్లాడలేదు.
ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా
కారు పొట్ట గీసుకుంది గాని
ఆయన తల మాత్రం దేనికీ తగల్లేదు.
మెడ నిటారుగా పెట్టి
రోడ్డంతా తనదే అన్నట్టు చూస్తున్నాడు.
లైటుహౌసు దగ్గర ఆపాడు. దిగలేదు.
దిగితే మళ్ళీ ఎక్కాలి కదా.

"పొట్టోడికి పుట్టెడు బుద్దులని ఊరికే అన్నేదు,"
అని అడిగినదానికంటే రెండొందలు ఎక్కువిచ్చి
కాళ్ళు, చేతులు, భుజాలు మళ్ళీ వరసలో సర్దుకుని
వెళ్ళిపోయాడు.

కోసిన స్పాంజి ముక్కలు షెడ్డు మూల పడున్నాయి.
నేనింతకాలం కూర్చున్నది
బోర్లించిన రంగుడబ్బా మీద.
ఆ రాత్రి, మిగిలిన ఎర్ర రెక్సిన్లో ముక్కలన్నీ కూరి కుట్టి
డబ్బా మీద వేసుకున్నాను.

పొద్దున్నే మిషను ముందు కూర్చుంటే
అడ్డగోడ మీదుగా
వంతెన కింద నీళ్ళు, రాతి మీద చీర బాదుతున్న ఇద్దరాడవాళ్ళు.
ముప్పై ఏళ్ళుగా
ఆ చప్పుడే విన్నాను.