మూడడుగుల లోతు

మీటరుకు డెబ్బై రూపాలన్నడు మేస్త్రి.
రాయి తగిలితే?
తగిలితే మీ అదృష్టం, అన్నడు.

దేవరకొండ దాటినంక చందంపేట తొవ్వల
రాయి తగలని జాగ దేవుడు పెట్టలే.
పుణెల డ్రైనేజీకి తవ్విన, భీవండిల పునాదులకు తవ్విన,
అండ్ల ఏం పారిందో, మీద ఎవరున్నరో
ఎన్నడు చూడలే.
ఈ గుంత మాత్రం
మా చెల్లె చదివే గిరిజన కాలేజీకి పోతది.

పోయినేడు స్వరూప గుట్టెక్కి పాఠం వినేది.
సీతాఫలం చెట్టు పక్కన బండ,
ఆ బండకు తూర్పు మూల మీద రెండు గీతల సిగ్నల్.
జానెడు జరిగితే ఒక్కటే.
ఒకనాడు సారు సగం మాటల
నోరు తెరిచి ఆగిపోయిండు.
మేకల మలుపుకుంట వచ్చిన చాందిబాయి దాది
ఫోన్ల తొంగి చూసి
"పాపం, ఆయనకెవరన్న ఇన్ని నీళ్ళియ్యుండ్రి" అన్నది.
చెల్లె నవ్వలే.
ఆ ఆగిపోయిన మాటే పరీక్షల వచ్చింది.

నారింజ రంగు పైపు
చుట్టలు చుట్టలుగ లారీ దిగింది.
ఇండ్ల ఏం పోతది సారూ, అని ఇంజనీరునడిగిన.
అద్దం, అన్నడు. వెంట్రుకంత అద్దం. దాంట్ల వెలుగు.
ఇంటికొచ్చి చెప్తే
దాది తన ఫేటియ అంచు లేపి చూపెట్టింది,
మాసిన అద్దాలు, ఊడిన కాడ వట్టి కుట్లు.
"గింత దానికి భూమి తవ్వాల్నా?"

మీది అడుగు ఎర్రచెల్క, చేతికి లోకువ.
ఆ కింద మొరం, గడ్డపారను కొరుకుతది.
రెండున్నరకు తెల్లటి సుద్ద, బెత్తెడు.
దానడుగున బండ.
పదకొండు దినాలకు
నా వేళ్ళు పిడికిలి మరిచి, పార కట్టెకే వంగినయి.

కాలేజీల గోడకు డబ్బా బిగించిండ్రు.
పచ్చ దీపం కొట్టుకున్నది
కోడిపిల్ల గుండె లెక్క.
ఇరవై రెండు కంప్యూటర్లు,
ఏడింటి వైర్లు ఎలుకలు తిన్నయట.

సోమవారం గుంత పూడుస్తుంటె ఫోను.
"అన్నా, మన దిక్కు మన్ను కింద ఏమేం తగుల్తది?"
చెప్పిన. సుద్ద సంగతి గూడ చెప్పిన.
మాపటికి తెలిసింది:
ఎక్కడి పట్నంలనో కూసున్న మేడం
ఇసొంటి నేలల సుద్ద ఉండదన్నదంట.
స్వరూప టైపు కొట్టిందంట,
ఉన్నది మేడం, మా అన్న తవ్విండు.
మేడం ఆగిపోయిందంట.
ఈసారి సిగ్నల్ పోయి కాదు.

లైను కాలేజీ కాడికే.
కంబాలగుట్ట తండా ఎస్టిమేట్ల లేదు.
నాలుగు కిలోమీటర్లు, నడుమ వాగు.
ఆఖరి ఆటో ఆరింటికి,
చెల్లె ఉరికొస్తది, సగం పాఠం అక్కడ్నే ఇడిచిపెట్టి.

చివరి గుంతల పది మీటర్ల చుట్ట
మిగిలించి పూడ్వాలె, ముందట పనికొస్తదని రూలు.
మేస్త్రి బీడీ ముట్టించుకునే యాళ్ళకు
ఆ చుట్ట మూతి
మా తండా దిక్కు తిప్పి
మన్ను కప్పిన.