వార్చొద్దు

మాలీ నేలలో గోధుమ తప్ప మరో మాట లేదు.
కనుచూపు మేరా గోధుమే,
రైలుకట్ట పక్క గోదాముల్లోనూ గోధుమే.
అందుకే మా ఇంట్లో బియ్యం లేకపోవడం
చాన్నాళ్ళు ఎవరికీ వింతగా తోచలేదు.

నాన్న, క్లారెన్స్ హాడో,
సింగపూర్‌లో చేతులెత్తినవాళ్ళలో ఒకడు.
బర్మా అడవిలో పట్టాలు పరిచాడు.
ఇదంతా అమ్మ చెప్పింది.
ఆయన చెప్పింది ఒక్కటే:
బస్తాలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టి
"తిరిగొచ్చినప్పుడు నీ అంతే తూగాను" అన్నాడు.
అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

తాతది వేరే యుద్ధం, వేరే ఎడారి.
గుర్రంతో వెళ్ళి కళ్ళెంతో వచ్చాడు.
అది షెడ్డులో మేకుకి వేలాడేది.
ఎవరూ నూనె రాయరు, ఎవరూ పారెయ్యరు.

తమ్ముడు లైల్‌ని మాత్రం గోళీ ఎంచుకుంది.
పుట్టినరోజుకో గోళీ చొప్పున పీపాలో వేసి
తిప్పి తీసేవాళ్ళు ఆ రోజుల్లో.
వాడి తేదీ వచ్చింది.
అమ్మ ఆ తర్వాత ఎవరి పుట్టినరోజుకీ కేకు చెయ్యలేదు.
నాన్న వాడి బూట్లు తనే తోమి, మెరిపించి,
స్టేషన్‌కి రాలేదు.

వియత్నాం నుంచి అర్ధరాత్రి విమానంలో దిగాడు లైల్,
యూనిఫాం సంచిలో కుక్కుకుని.
పాత సైనికుల క్లబ్బులో ఎవరో
"మీదీ ఒక యుద్ధమేనా" అన్నారట.
ఇరవయ్యేళ్ళ సభ్యుడు, మా నాన్న,
సగం గ్లాసు అక్కడే వదిలి లేచొచ్చాడు.
ఆ సగం గ్లాసు గురించి ఊరంతా చెప్పుకుంది.

ఒక ఆదివారం, అమ్మ చర్చిలో ఉండగా,
లైల్ ఎక్కణ్ణుంచో బియ్యం తెచ్చాడు.
ఎసరు పెట్టాడు.
ఉడుకు వాసన వరండా దాటి, కోళ్ళగూడు దాటి
కంచె దాకా వెళ్ళింది.
నాన్న సుత్తి అక్కడే పడేసి వచ్చాడు.
పింగాణీ పగుల్తుందనుకున్నాను.

లైల్ గిన్నె వంచబోతుంటే
వాడి మణికట్టు పట్టుకున్నాడు.
"వార్చొద్దు.
ఆ నీళ్ళు జ్వరాలొచ్చినవాళ్ళవి."

ఎనామిల్ కప్పులో గంజి వంచాడు.
ఉప్పు చిటికెడు వేసి, ఆలోచించి, ఇంకాస్త వేశాడు.
ఊది ఊది లైల్ చేతికిచ్చాడు.
ఇరవై రెండేళ్ళవాడు, దుక్కలాంటివాడు,
మంచాన పడ్డవాడిలా
చప్పుడు చెయ్యకుండా తాగాడు.
మిగిలిన బియ్యంలో వేలు పెట్టి కలియబెడుతూ నాన్న
"పురుగుల్లేవే" అన్నాడు, కాస్త నిరాశగా.
"ఏరేసుకు తిన్నవాళ్ళే ముందు పోయారు."

అమ్మ వచ్చి గుమ్మంలోనే ఆగింది.
చాలాసేపు టోపీ తియ్యలేదు.

ఇప్పుడు లైల్ కూతురు బ్రియోనీ
అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చి ఆర్నెల్లు.
వెనక గదిలో ఫ్యాను కింద పడుకుంటుంది.
తలుపు గట్టిగా పడితే లేచి నిలబడుతుంది.
ఏం అడగాలో నాకు తెలియదు,
అడగడం మా వంశంలో లేదు.
బియ్యం కడుగుతాను.
నీళ్ళు
కావలసినదానికన్నా ఎక్కువే పోస్తాను.