కింది అంతస్తు చప్పుడు

పదకొండేళ్లు
నా కాఫీ కప్పు సాసర్లో కుదురుగా కూర్చున్నది లేదు.
కింద ఐలర్ట్ బ్యాండ్‌సా స్విచ్చి వేస్తే చాలు
డుబ్... డుబ్... డుబ్...
నేలచెక్కల సందుల్లోంచి పైకొచ్చి
నా మడమల్ని తట్టేది.

చలికాలం మరీను.
రాత్రంతా పుల్లీల మీద వంగి పడుకున్న బెల్టు
పొద్దున్నే నడుం పట్టేసిన మనిషిలా
చుట్టు చుట్టుకీ మూలిగేది.
పదింటికి కాస్త వేడెక్కి, సాగి, మెత్తబడేది.
ఫ్యోర్డ్ మీద మంచు విడిచే వేళా అదే.
రెండిట్లో ఏది దేన్ని చూసి మొదలెడుతుందో
నేనెప్పుడూ తేల్చుకోలేదు.

మంగళవారం ఏడు దాటింది. చప్పుడు లేదు.
ఏడుంపావు. కప్పు కదల్లేదు.
ఎనిమిదికి
స్వెట్టరు తిరగేసి తొడుక్కున్నానని కూడా చూసుకోకుండా
మెట్లు దిగాను.

మిషను కింద రెండు బూట్లు.
అంతే కనిపించింది.
"ఐలర్ట్!" అన్నాను. అది నా గొంతులా లేదు.
"పదమూడో నంబరు స్పానరు అందుకో, సోల్‌ఫ్రిడ్"
అన్నాయి బూట్లు.

పాత బెల్టు మేకుకి వేలాడుతోంది,
గుండ్రంగా కాదు, కోడిగుడ్డులా.
పెద్ద పుల్లీ వంపొక చివర, చిన్న పుల్లీ వంపొక చివర.
విప్పేసినా ఆ వంపులు వదల్లేదు.
కొత్తది ఎర్రది. ముక్కకి ముక్క తగిలిస్తూ
జడ అల్లినట్టు అల్లాడు.
"దీనికి మతిమరుపు. అందుకే కొన్నాను" అన్నాడు.
"రాత్రి ఎట్లా పడుకుందో పొద్దున్నకి గుర్తుండదు."

ఇక గైడ్లు.
పాత ఇనప దిమ్మలు బ్లేడుతో రాసుకుని రాసుకుని
నల్లగా, వాలుగా, అరిగిన జోళ్ల మడమల్లా.
వాటి చోట పింగాణీవి, తెల్లనివి,
పాలపళ్లంత.
బ్లేడుకి ఇటొకటి అటొకటి, బల్ల పైన రెండు, కింద రెండు.
"కాగితం ఉందా? పల్చటిది. ఒక్కటి చాలు."

ముప్పై నాలుగేళ్లు ఫెర్రీలో టికెట్లు చింపినదాన్ని.
వంతెన కట్టారు, ఫెర్రీ ఆగింది,
టికెట్లు మాత్రం నా జేబుల్లో ఇంకా పుడుతూనే ఉంటాయి.
ఒకటి ఇచ్చాను.
బ్లేడుకీ తెల్లముక్కకీ మధ్య దూర్చి, మర బిగించి,
లాగేశాడు.
కాగితం వెళ్లిపోయింది.
దాని మందం అక్కడే ఉండిపోయింది.

వెనక గైడు దగ్గర ఎక్కువసేపు తలవంచాడు.
"ఇది బ్లేడుని ఊరికే ముట్టుకోకూడదు.
కొయ్య వచ్చి నెట్టినప్పుడే.
అప్పటిదాకా వెనక నిలబడి ఉండాలంతే."
నేనేదో అనబోయి
స్పానరుకంటిన గ్రీజు తుడిచాను.

స్విచ్చి వేసే ముందు
ఒక్క క్రోను నాణెం, నడుమ చిల్లు ఉండేది,
బల్ల మీద అంచున నిలబెట్టాడు.
వేశాడు.
చప్పుడు కాదు, ఎవరో నిద్రలో ఊపిరి తీసినట్టు.
ఇద్దరం వంగి చూస్తున్నాం.
నాణెం పడలేదు.
చిల్లులోంచి అవతలి కిటికీ,
కిటికీలో బూడిదరంగు నీళ్లు,
నీళ్ల మీద ఏ పడవా లేకపోవడం.

పడవ పక్కటెముకకని దాచిన బిర్చి చెక్క తెచ్చాడు.
నిరుడు ఇదే వంపు దగ్గర బ్లేడు పక్కదారి పట్టి
రెండు పలకలు పొయ్యిలోకి పోయాయి.
ఈసారి పెన్సిలు గీత వెంటే తిరిగింది,
చివరిదాకా.
ఐలర్ట్ ఏమీ అనలేదు. కోసిన ముఖాన్ని బొటనవేలితో రాసి
నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

ఇప్పుడు పైన కప్పు బుద్ధిగా కూర్చుంటోంది.
ఏడయిందని చెప్పేవాళ్లు లేరు.
జోడు విప్పి, మడమ నేలకానించి వెతుకుతాను.
ఉంటుంది, ఎక్కడో లోపల,
ఉందో లేదో అన్నంత.
అది సరిపోదు నాకు. దిగి వెళ్తాను.

ఆ టికెట్టుని పాత బెల్టు పక్కనే గోడకి గుచ్చాడు,
మళ్లీ కొలత కావాలంటే ఉంటుందని.
అచ్చు వెలిసింది గానీ చదవొచ్చు:
రానూపోనూ. ఈ రోజుకి మాత్రమే.