పదో పాలు

ఆదివారం ఆరాధన అయ్యాక
వెనక గదిలో చాప పరిచి కానుక సంచి బోర్లిస్తే
ముందు తుమ్మేది నేనే.
దీనమ్మ వేసిన నోట్లు ఎక్కడున్నాయో
వెతకక్కర్లేదు, ముక్కే చెబుతుంది.
మిర్చి యార్డులో వారమంతా తొడిమలు తీసిన వేళ్లు
నాలుగు మడతలు పెట్టిన పదులు, ఇరవైలు.
లెక్కపెట్టిన చేత్తో కళ్లు తుడుచుకున్నానా,
ఇక ఆ పూటంతా మంట.
పాస్టరు జక్కరయ్య గారు నవ్వేవారు:
"ధూపం కళ్లల్లో పడని యాజకుడెవడయ్యా?"

పదకొండేళ్లుగా ఆ నీలం అట్ట పుస్తకం నాది.
పేరు, తేదీ, మొత్తం, నా పొట్టి సంతకం.
ఎవరిది పదో వంతో,
ఎవరిది పదో వంతులో పదో వంతో
నాకు తెలుసు. తెలియనట్టు కూర్చుంటాను.
నాదీ తెలుసు.

లేవీ గోత్రానికి భూమిలో పాలు లేదని
ఆయన చదివిన రోజు
ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో మెల్లగా అన్నారు,
"మాకు మాత్రం ఉందా?"
ఏటుకూరు రోడ్డు పేట పేటంతా నవ్వింది.
నవ్వు ఆగాక,
సెంటు నేల లేని వాళ్లమంతా
ఒకరి మొహాలొకరం చూసుకున్నాం,
ఎవరు ఎవరికివ్వాలో తేలక.

మొన్న ఎండాకాలం మూడు వారాలు
దీనమ్మ గడి ఖాళీ.
నాకు తుమ్ము రాలేదు.
"ఒకసారి కనుక్కోవయ్యా" అన్నారు సంఘ పెద్దలు.
ఆరోగ్యమో, డబ్బో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

మిట్టమధ్యాహ్నం. టిక్కీల గుట్టలకు
మూరెడు నీడ లేదు.
కోల్డ్ స్టోరేజీ గోడవారన ఆమె,
పక్కన ఒడిశా నుంచి వచ్చిన హమాలీ కుర్రాడు,
టిక్కీ జారిపడి కాలు వాచి.
మేస్త్రి మళ్లీ కనపడలేదు. వాడికి తెలుగు రాదు.
మూడు వారాలుగా
ఆమె క్యారియర్లో రెండో గిన్నె వాడిది.
మందుబిళ్లలూ ఆమె కొన్నవే.

నన్ను చూసి కొంగు సర్దుకుంది.
"సంచిలో వేద్దామనే తీసిపెట్టానయ్యా,
దారిలో వీడు అడ్డమొచ్చాడు.
రాసుకుంటావా?"

పుస్తకం చంకలోనే ఉంది.
ఏ గడిలో రాయను?

అప్పుడు తట్టింది ఆ పాత యాజకుడి సంగతి,
యుద్ధం చేసి అలిసి వస్తున్న అబ్రాహాముకు
ఎదురెళ్లినవాడు.
ముందు రొట్టె తెచ్చాడు, ద్రాక్షారసం తెచ్చాడు.
పదో వంతు ఆ తర్వాతి మాట.
ఇన్నేళ్లూ నేను ఆ పదో వంతునే పట్టుకు వేలాడాను,
రొట్టె దాటేసి.
ఆయన అమ్మానాన్నలెవరో, ఏ వంశమో రాసిలేదు.
దీనమ్మ వంశమూ ఎవరూ ఎక్కడా రాయలేదు,
కూలి చిట్టాలో వేలిముద్ర తప్ప.

"తిన్నావా?" అంది.
లేదన్నాను. తినే వచ్చాను నిజానికి.
గోంగూర పచ్చడి కలిపి
ముద్ద చేసి నా చేతిలో పెట్టింది.
కళ్లు మూసుకుని ఏదో అంది, సగమే వినపడింది.
ఆమె ముగించాక
కుర్రాడు వాడి దేవుడికి వాడూ మొక్కాడు.
క్యారియర్ మూతలో మజ్జిగ
ముగ్గురికీ తిరిగింది.

సైకిలెక్కే ముందు పుస్తకం తెరిచాను.
ఆమె పేరెదుట అంకె వేయలేదు,
ఖాళీగానూ వదల్లేదు.
కడగని బొటనవేలు ఒత్తాను.

ఏటా లెక్కలు చూసే పెద్దమనిషి అడుగుతాడు
ఈ నూనె మరకేంటని.
అడగనీ.
ఆ పేజీ తిప్పితే
ముందు తుమ్ముతాడు.