చిల్లర బాకీ

సాన్ ఎవారిస్తో స్టేషన్‌లో
చివరి రైలు వెళ్ళిపోయాక నాకు తెల్లవారుతుంది.
ఒక బకెట్టు, సబ్బునీళ్ళు, కుచ్చుల కర్ర.
ఈ స్టేషన్ చరిత్ర ఎవరు రాశారో తెలీదు,
తుడిచేదాన్ని మాత్రం నేనే.

గోడ నడుమ వంకాయ రంగు పట్టీ చూశారా?
పక్క స్టేషన్‌ది ఆవపిండి పసుపు, దాని తర్వాతది ఇటుక ఎరుపు.
బ్యూనస్ ఎయిరీస్ రేవులో ఓడలు మనుషుల్ని కుమ్మరించే రోజులు.
అక్షరం రానివాళ్ళు రంగు చూసి దిగేవాళ్ళు.
"వంకాయ దగ్గర దిగు, నిద్రపోకు" అని
పెళ్ళాలు మొగుళ్ళకి చెప్పి పంపేవాళ్ళట.

తవ్వినవాళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా లేవు.
ఎలాదియో అనే గలీసియావాడు
మట్టిలో దొరికిన గుర్రపు లాడాన్ని
ఒక పలక వెనక సిమెంటులో పెట్టి మూసేశాడని
పాత కాపలాదారు రొసెందో చెప్పాడు.
ఏ పలకో చెప్పలేదు.
అందుకే అన్నిటినీ ఒకేలా తుడుస్తాను.

నలభై ఐదులో, ఒక్క రోజులో,
పైన నగరమంతా ఎడమ నుంచి కుడికి మారింది:
ట్రాములు, గుర్రబ్బళ్ళు, పోలీసువాడి చెయ్యి.
కిందికి ఆ కబురు ఎవరూ తేలేదు.
రైలు ఇప్పటికీ ఎడమ పట్టాల మీదే వస్తుంది.
కొత్తవాళ్ళు ముందు తప్పు వైపు చూస్తారు.

ఎర్మెలిందా గురించి చెప్పాలి.
టికెట్ కిటికీలో ముప్పై ఒక్క ఏళ్ళు.
జనానికి ఆవిడ మొహం కన్నా వేళ్ళే బాగా తెలుసు.
డెబ్బై ఏడు, ఆగస్టు, ఎముకలు కొరికే చలి.
నీలం మఫ్లర్ కుర్రాడు నోటు పెట్టి ఒక టోకెన్ అడిగాడు.
టోకెన్ తోసి, తల వంచి, చిల్లర లెక్కపెట్టి
తలెత్తింది.
చలువరాయి మీద టోకెన్ ఉంది.
కుర్రాడు లేడు.
మెట్ల మీద మూడు జతల బూట్లు ఎక్కుతున్నాయి,
నడిమి జత నేలకి ఆనడం లేదు.
వరసలో తర్వాతి మనిషి "రెండివ్వండి" అన్నాడు.
ఆవిడ రెండిచ్చింది.
ఆ రెండూ ఇవ్వకుండా ఉండాల్సిందని
పోయేదాకా అంటూనే ఉంది.

అతని చిల్లర బిస్కెట్ల డబ్బాలో వేసి
మూత లోపల పెన్సిల్‌తో రాసుకుంది:
నీలం మఫ్లర్. బాకీ.
గుమాస్తాకి లెక్క తేలాలి కదా.

ఎనభై మూడులో దేశం డబ్బులోంచి నాలుగు సున్నాలు కొట్టేశారు.
రెండేళ్ళకి ఇంకో మూడు.
తొంభై రెండులో మళ్ళీ నాలుగు.
ఆ నాణేలన్నీ కలిపినా ఇప్పుడు అగ్గిపుల్ల రాదు.
బాకీలో మాత్రం ఒక్క సున్నా తగ్గలేదు.

చెక్క పెట్టెల రైళ్ళు కూడా పోయాయి.
తలుపు చేత్తో లాగాలి, మలుపులో పాత మంచంలా కిర్రుమనేవి.
నూరేళ్ళు నిండకుండానే వాటికి నూరేళ్ళు నిండాయి.
ఆఖరి రోజు జనం ఏడ్చారు, ఫొటోలు తీసుకున్నారు,
ఎవడో ఒక దీపం విప్పుకుపోయాడు.
తర్వాత కార్డులొచ్చాయి. కిటికీకి అట్ట కొట్టేశారు.
డబ్బా నా బకెట్ల గదికి చేరింది,
చీపుర్ల వెనక, ఎలుకలకి అందని అరలో.

పేరైనా అడక్కపోయావా అన్నాను ఒకసారి.
"టోకెన్ కొనేవాణ్ణి ఎవరు పేరడుగుతారే"
అని నామీద కసిరింది.

ఐదున్నరకి మొదటి రైలు.
ముందు గాలి వస్తుంది, తడి నేల ఆరుతుంది,
ఆ తర్వాతే వెలుతురు, ఎడమ నుంచి.
గేట్లు టిక్కుటిక్కుమంటాయి.
ఈ మధ్య నీలం మఫ్లర్లు మళ్ళీ ఫ్యాషన్ అనుకుంటా.
ఎవరు కట్టుకొచ్చినా
నా తడి చెయ్యి ఏప్రన్ జేబులోకి పోతుంది.
టోకెన్ అక్కడే ఉంటుంది, వెచ్చగా.
అది దూరే చీలిక
ఇప్పుడు ఏ గేటుకీ లేదు.