రెండెర్తుల నడుమ

రెండడుగులు దిగంగనే రాడ్డు వంగింది.
దేవరకొండ మన్ను అంతే.
పైన ఎర్రగ, మెత్తగ మాట్లాడుతది,
కింద బండై కూసుంటది.

వడ్డె ఎల్లమంద సమ్మెట పక్కకు వెట్టి
బోర్ల పండుకున్నడు.
గడ్డపార మొనతోటి టకటక కొట్టి
బండకు చెవి ఆనిచ్చిండు.
జానెడు జరిగి మళ్ల కొట్టిండు.
"ఈడ గట్టిది. ఆడ నెర్రె ఉన్నది, ఇను."
నాకు రెండూ ఒక్క తీరే ఇనొచ్చినయి.
నేనేమో ముప్పై ఏండ్ల సంది
నలభై మీటర్ల బ్యాండు మురముర నడుమ
ఒక్క మనిషి గొంతును ఏరుకునేటోన్ని.

పోయిన మిరుగుకు పిడుగు
మా ఇంటి మీద పడలే.
మూడిండ్ల అవుతల, తాటిచెట్టు మొవ్వుల పడ్డది.
అయినా నా సెట్టు మాడింది.
మైకు వైరు కొస నల్లగ ముడుచుకపోయింది.
మోటర్లు చుట్టే నా దుకాణంల
కాలిన వార్నిష్ వాసన కొత్త కాదు గని
ఆ వాసన మూడొద్దులు
నా అన్నంల గూడ ఉన్నది.

ఏరియల్‌కు ఎర్తు పెట్టలేదా అంటరు.
పెట్టిన.
కరెంటు మీటరుకు దాని ఎర్తు దానికున్నది.
అదే తప్పన్నడు రాయచూరు పెద్దాయన.
నల్లగొండ దోస్తు పాత సెట్టు అడుక్కొచ్చి
నేను పిలిచిన రాత్రి,
మునుగుతు తేలుతు వచ్చిన గొంతు:
"రెండు ఎర్తులు. నడుమ తీగ లేదు.
పిడుగు పడ్డప్పుడు ఒక భూమి లేస్తది,
ఇంకోటి లేవది.
అటు నుంచి ఇటు పోనీకి
దానికి తొవ్వ గావాలె.
తొవ్వెవరు? నీ సెట్టు.
మైకు పట్టుకోనుంటే, నువ్వు."

అప్పటిదాంక
భూమి ఒక్కటే అనుకున్న.
బడిల గట్లనే చెప్పిండ్రు.

ఎల్లమందకు చెప్తే నవ్విండు.
"అన్నదమ్ములు మాట బంజేస్తే
నడుమిట్లోనికి దెబ్బలు. గంతే గద."

నెర్రెల్ల నుంచి మూడు రాడ్లు దిగినయి,
నాలుగోది దిగలే.
ఉప్పు పోద్దామంటే రాగిని తింటదన్నరు.
సాగర్ దిక్కు నుంచి నల్లరేగడి
రెండు బస్తాలు దెచ్చి తడిపి కూరినం.
పాత ట్రాన్స్‌ఫార్మర్ల పట్టీ విప్పి
రాడ్డుకు రాడ్డు, రాడ్డుకు మీటరు,
మీటరుకు ఏరియల్ స్తంభం,
సెట్టుకు, పవర్ సప్లైకి, బల్ల ఎనుక కడ్డీకి.
గరుకు కాయితంతోటి రుద్దిందాక
బోల్టు పెట్టనియ్యలే నేను.
రాగి, ఇనుము ముట్టుకునే కాడ
నడుమ తగరం.
మూల తిరిగే కాడ పట్టీని
పసిపిల్ల మెడ తిప్పినట్టు తిప్పిన;
మడత పడితే
పిడుగు ఆడనే దుంకుతదట.

లైన్‌మన్ మల్సూరు మీటరు తెచ్చి చూసిండు.
పదకొండు ఓములు.
పెదవి విరిచిండు.
ఆ పొద్దు సంది మా భారతమ్మ
బియ్యం కడిగిన నీళ్లు గుంతల పోస్తున్నది.
"బర్రెకు లేని కుడితి నీ రాగికి" అనుకుంట
పోస్తనే ఉన్నది.
వారానికి ఏడు.

మొన్న మళ్ల మబ్బు దిగింది.
ఇంత జేసినా
ఏరియల్ వైరు పీకి కిటికీ అవుతల వడేసిన.
నమ్మకం వేరు, భయం వేరు;
వాటికి గూడ పట్టీ ఎయ్యాలెనేమో తెల్వదు.
చీకట్ల కూసోని
మెరుపుకు ఉరుముకు నడుమ లెక్కవెట్టిన.
ఆరు. నాలుగు.
రెండు గాకముందే పోయింది.

తెల్లారి ఎల్లమంద వచ్చిండు,
తన రాడ్లెట్ల ఉన్నయో చూసిపోనీకి.
వైరు తగిలిచ్చి
హెడ్‌ఫోను ఆయన చెవులకు పెట్టిన.
కండ్లు మూసుకున్నడు,
బండ మీద మూసుకున్నట్టే.
చానా సేపటికి
వేలు దక్షిణం దిక్కు చూపిచ్చిండు.
"ఆడ పగులుతున్నది," అన్నడు.
శ్రీశైలం అవుతల ఏడనో మెరుపు.
నాకది వట్టి చిటపట.
నేను దిక్కు చెప్పలే.