ఎడమ పెట్టె

లాలాపేట సందులో వెనక పలక విప్పగానే
ఇద్దరం తుమ్మాం.
మిర్చియార్డు కమీషన్ కొట్లో పాతికేళ్లు పాడిన పెట్టె,
లోపలి దూది నిండా ఎర్రదుమ్ము.

కోను అంచు ఫోము
వేలు తగిలితే అప్పడంలా పొడైంది.
"చవక సరుకే," అన్నాడు మీరావలి.
"మూడు కెపాసిటర్లుండాల్సిన చోట ఒక్కటి.
పాపం, అదే సంసారం నెట్టుకొచ్చింది."
దాన్ని పారేయలేదు,
చొక్కా జేబులో వేసుకున్నాడు.

కొత్తవి అతికాడు. లోపల అడ్డకర్ర బిగించాడు.
పెన్సిల్ బ్యాటరీ తాకించి
కోను ఊపిరి చూశాడు.

రాత్రి నా పాత క్యాసెట్ పెట్టాం.
పల్లవికి ముందు
ఎవరో గొంతు సవరించుకున్నారు.
ఇన్నేళ్లూ అక్కడే ఉన్నారు కాబోలు,
నేనెప్పుడూ వినలేదు.

వెనక్కి తిప్పమన్నాడు మీరావలి.
మళ్లీ తిప్పమన్నాడు.
పాట దాకా పోనివ్వలేదు.